సజీవ హృదయకండర పరీక్ష
యల్లాప్రగడ సుబ్బారావు స్మృత్యర్థము మాండవిలో చేసిన ప్రసంగము



భీమవరమున 1895 జనవరి 12వ తేదీన జన్మించి, రాజమహేంద్రవరమునను మద్రాసునను విద్యాభ్యాసము గావించి, 1922లో సముద్రములు దాటి బోస్టను నగరము చేరి, మరల స్వదేశమును కన్నులజూడకయే 1948 ఆగస్టులో అమెరికాలో అస్తమించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరించుటకు, పెన్‌గంగా పరిసరమందలి ఈ యూర తెలుగువారు సమావేశమగుట ఎంతయు సమంజసమని తలచుచున్నాను. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు ఈ యూరుగల కిన్వట్ తాలూకా ఆదిలాబాదు జిల్లాలోని భాగమే. సరిహద్దు గీత మారినను సంత మారలేదు, చుట్టరికములు మారలేదు. తెలుగు, మరాఠీ, గోండీ, లంబాడీ మాటలు ఒకే అంగడిలో నేటికిని వినబడుచునే యున్నవి. రాజ్యముల యెల్లలకు లోబడని విద్యకు యావజ్జీవమును ధారవోసిన మహనీయుని తలచుకొనుటకు సరిహద్దునందలి ఊరు తగిన చోటే.

సుబ్బారావుగారి పేరు వినగనే ఫోలిక్ ఆమ్లము, బోదకాలు వ్యాధికి వాడుక లోనికి వచ్చిన హెట్రజాన్, పిల్లల రక్తకాన్సరు చికిత్సకు దారి చూపిన ఔషధములు జ్ఞప్తికి వచ్చుట సహజము. నేను మాత్రము అంతకుముందు హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కెతో గూడి ఆయన చేసిన పనియొద్ద కొంతసేపు నిలువదలచితిని. రక్తమునందును కణజాలమునందును భాస్వరము ఎంత యున్నదో రంగును బట్టి కొలుచు విధానమును ఆ యిరువురును 1925లో ప్రకటించిరి. ఆ కొలతయే ఆయుధముగా 1927లో కండరమునందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో నేడు ఏ.టీ.పీ. యని బడిపిల్లలు సైతము పలుకుచున్న శక్తిపదార్థమును కనుగొనిరి. ఈ రెండవదానిని జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ అదే యేట స్వతంత్రముగా కనుగొనెను. అంతవరకు కండరసంకోచమునకు లాక్టికామ్లమే మూలమని పండితలోకము నమ్మియుండెను. ఆ శాఖలో కృషి చేసిన హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానమును లభించియుండెను. అట్టి ప్రతిష్ఠ గల సిద్ధాంతమునకు ఎదురుగా, పిల్లి కండరము పనిచేయునపుడు ఫాస్ఫోక్రియాటిన్ తరుగుచున్నదనియు విశ్రాంతి నొందునపుడు మరల నిండుచున్నదనియు ఆ యిరువురును కొలిచి చూపిరి.

ఆ కొలతకు కండరమును కోసి, నూరి, ఆమ్లములో కరగింపవలసి యుండెను. అనగా పరీక్షింపబడిన కండరము పరీక్షతోనే నశించెడిది. బ్రతికియున్న మనుష్యుని గుండెకండరమును, చర్మముపై గాయమైనను చేయక, అది కొట్టుకొనుచుండగనే పరీక్షించి, ఇందు ఏ భాగము సజీవము, ఏ భాగము మృతము, ఎచ్చట వాపు, ఎచ్చట మచ్చ, ఎచ్చట ఇనుము పేరుకొన్నదని చెప్పగల విధమొకటి ఇప్పుడు వైద్యులకు లభించినది. ప్రజలు ఎమ్మారై స్కానని పిలుచు అయస్కాంత అనునాద చిత్రణమును గుండెకు వర్తింపజేయుటయే ఆ విధము. దానిని గూర్చియే నేటి నా ప్రసంగము.

హృదయమును పరిశీలించుటకు వైద్యులు సంపాదించిన సాధనములు ఇదివరకును కలవు. 1816లో ఫ్రాన్సునందు లెనెక్ స్టెతస్కోపును కల్పించి గుండె చప్పుడును వినిపించెను. ఇరువదవ శతాబ్ద ప్రారంభమున హాలెండు దేశీయుడగు ఐంథోవెన్ గుండెయందలి విద్యుత్తును గీతలుగా దింపెను. 1953లో స్వీడనునందు ఎడ్లర్, హెర్ట్జ్ అనువారు అతిధ్వని తరంగములచే గుండెగోడల కదలికను పట్టుకొనిరి. ఎకో పరీక్షకు అదియే పుట్టుక. ధ్వని, విద్యుత్తు, చలనము అను మూడును తెలిసినను, ఆ గోడ ఏ పదార్థముతో కూడియున్నదో తెలియుటకు మాత్రము చాలకాలము శవపరీక్షయే శరణ్యమయ్యెను. తరువాత, రక్తనాళము గుండా సన్నని పరికరమును పంపి కండరపు తునుకను తెంచి తెచ్చు పద్ధతి యొకటి ఏర్పడెను గాని, తెంచిన తునుకలో రోగము లేనంతమాత్రమున ప్రక్కభాగములో లేదని చెప్పుటకు వీలులేదు.

ఈ లోపము ఎంతటిదో బోధపడుటకు, నలుబది యేండ్ల మనుష్యుడొకడు నాలుగడుగులు నడువగనే ఆయాసపడుచు వచ్చెననియు, ఎకోలో అతని ఎడమ జఠరిక బలహీనముగా ముడుచుకొనుచున్నదని తేలెననియు అనుకొనుడు. అతనికి ఎప్పుడో తెలియకుండ గుండెపోటు వచ్చి కండరములో కొంతభాగము చచ్చియుండవచ్చును. లేదా రక్తము చాలక కండరము చావక బ్రతుకక స్తబ్ధముగా నుండవచ్చును. లేదా వైరసు జ్వరము తగ్గిన పిమ్మట గుండెకు వాపు వచ్చియుండవచ్చును. లేదా మద్యము, లేదా వంశపారంపర్యమైన దోషము, లేదా కణముల నడుమ అమిలాయిడ్ అను అక్కరలేని మాంసకృత్తు పేరుకొనుట కారణము కావచ్చును. అన్నింటను ఎకో చిత్రము ఇంచుమించు ఒక్కతీరుగనే యుండవచ్చును. చికిత్సయో, ఒకదానికొకటి సంబంధము లేనిది. స్తబ్ధమైన కండరమునకు రక్తప్రసారము కల్పించిన మేలుకొనును. చచ్చినదానికి కల్పించిన ప్రయోజనము లేదు. కదలనిదంతయు చచ్చినది కాదని తెలియుట ఒక యెత్తు, కదలనివానిలో చావనిదేదో ఏర్పరచి చూపుట వేరొక యెత్తు. అయస్కాంతపరీక్ష చేయు మేలు ఈ రెండవది.

ఇది ఏ విధమున సాధ్యమగుచున్నది? మన దేహములో అధికభాగము నీరు. నీటిలో ప్రతి అణువునందును రెండు ఉదజని పరమాణువులు. ఉదజని కేంద్రకము తనంత తాను చిన్న అయస్కాంతమువలె ప్రవర్తించుచు, బలమైన అయస్కాంతక్షేత్రమున నిలిపినపుడు, వాలిన బొంగరము తన ఇరుసును త్రిప్పుకొనుచు తిరిగినట్లు, ఆ క్షేత్రదిశ చుట్టు తిరుగును. ఆసుపత్రులలో సాధారణముగా వాడు 1.5 టెస్లా యంత్రము భూమి అయస్కాంతశక్తికంటె సుమారు ముప్పదివేల రెట్లు బలమైనది. దానిలో ఉదజని కేంద్రకము సెకనుకు దాదాపు 6 కోట్ల 40 లక్షల మార్లు తిరుగును. సరిగా అదే వేగమున కంపించు రేడియో తరంగమును పంపిన యెడల ఆ కేంద్రకములు దానిని గ్రహించి, తరంగము నిలిపిన వెంటనే తిరిగి సంకేతము నిచ్చును. పదిలక్షల కేంద్రకములలో అయిదింటి మేరకు గల మిగులుమాత్రమే సంకేతముగా మనకు దక్కును. ఐనను శరీరమున నీరు అపారమగుటచే ఆ స్వల్పమే చాలును. ఈ అనునాదమును 1946లో బ్లోక్, పర్సెల్ అను నిరువురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా ప్రకటించి 1952లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

రేడియో తరంగము నిలిచిన పిమ్మట కేంద్రకములు తిరిగి క్షేత్రదిశకు ఒదుగుటకు పట్టు కాలమును టీ-1 అనియు, ఒకదానితో నొకటి తాళము తప్పి సంకేతము క్షీణించుటకు పట్టు కాలమును టీ-2 అనియు వ్యవహరింతురు. 1.5 టెస్లా క్షేత్రమున ఆరోగ్యవంతమైన గుండెకండరమునకు మొదటిది దాదాపు ఒక సెకను. రెండవది సుమారు 50 మిల్లీసెకనులు, అనగా సెకనులో ఇరువదియవ వంతు. కండరములో నీరు చేరి వాచినచో ఈ రెండు కాలములును పెరుగును. నారవంటి మచ్చకణజాలము వ్యాపించినచో టీ-1 పెరుగును. క్రొవ్వు చేరినచో తగ్గును. ఇనుము పేరుకొన్నచో అన్నియు తరిగిపోవును. పదార్థమును చూడనక్కరలేదు, తాకనక్కరలేదు. నీటి యణువులు ఎంతసేపటికి నెమ్మదించునో కొలిచిన చాలును, అవి ఎటువంటి పొరుగున నివసించుచున్నవో అంచనా వేయవచ్చును. ఎలుకల కణితులయందు ఈ కాలములు ఆరోగ్యకణజాలముకంటె భిన్నముగా నుండునని 1971లో డమేడియన్ చూపెను. కొలతను చిత్రముగా మార్చు ఉపాయమును 1973లో లాటర్‌బర్ ప్రకటించెను. మాన్స్‌ఫీల్డ్ దానిని గణితముతో బలపరచి వేగవంతము చేసెను. 2003లో నోబెల్ బహుమానము కడపటి యిద్దరికే లభించినపుడు వివాదము రేగినది. చిత్రము గీయుటకు మార్గము చూపినవారు వారిద్దరే యనుటలో సందేహము లేదు. కాని నేటి మన విషయమునకు మూలమగు భావము, కణజాలము తన స్థితిని ఈ కాలముల ద్వారా వెల్లడించునను భావము, డమేడియన్ పరీక్షలోనే తొలుత గోచరించినదని నా అభిప్రాయము.

మెదడు కదలదు, గుండె నిలువదు. అందుచేత మెదడును చిత్రించుట సులభమై, గుండెను చిత్రించుట కష్టసాధ్యమయ్యెను. రోగి ఛాతికి ఈసీజీ తీగలను తగిలించి, ప్రతి స్పందమునందును ఒకే క్షణమున చిత్రపు తునుకను సేకరించి, ఊపిరి బిగబట్టిన పది పదిహేను సెకనులలో ఆ తునుకలను కూర్చుట నేర్చిన తరువాతనే గుండెచిత్రము స్పష్టమయ్యెను. అరగంట నుండి గంటవరకు ఇరుకైన గొట్టములో, సుత్తిదెబ్బల వంటి చప్పుడు నడుమ కదలక పరుండవలసిన ఈ పరీక్షలో రోగి సహకారమే సగము పని. ముందుగా ఓర్పుతో చెప్పి ఒప్పించినవారి చిత్రములు ఎల్లప్పుడు మేలుగా వచ్చుచుండుట నాకు అనుభవము.

సుబ్బారావుగారి భాస్వరమును ఈ యంత్రమే కొలువవచ్చును గదా యని మీలో ఎవరికైనను తోచవచ్చును. అది జరుగకపోలేదు. భాస్వర కేంద్రకమునకును అనునాదము కలదు. ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు 1974లో ఎలుక కాలికండరమును కోసి తీసి, నూరక, చెడగొట్టక, యథాతథముగా యంత్రమున నుంచి, దానిలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను ఏ.టీ.పీ.ని వేరువేరు శిఖరములుగా చూచిరి. 1985లో బాటమ్లీ జీవించియున్న మనుష్యుని గుండెలో వాటిని చూపెను. 1997లో స్టెఫాన్ న్యూబవర్ బృందము, గుండెకండరము విస్తరించి బలహీనపడిన రోగులలో ఫాస్ఫోక్రియాటిన్‌కు ఏ.టీ.పీ.కి గల నిష్పత్తి 1.6 కంటె తక్కువగా నున్నవారు ఎక్కువగా మరణించుచున్నారని ప్రకటించెను. గుండె అలసినపుడు మొదట తరుగునది, 1927లో పిల్లి కండరమున తరుగునని మన తెలుగువాడు కొలిచిన పదార్థమే. ఐనను ఈ పరీక్ష సామాన్య వైద్యశాలలకు దిగిరాలేదు. గుండెలో భాస్వరము నీటితో పోల్చిన వేలరెట్లు తక్కువ. అందుచే సంకేతము మిక్కిలి సన్నము, సమయము మిక్కిలి దీర్ఘము. నాకు ఇది తీరని ఆశగనే మిగిలియున్నది. కండరము రూపము చెడకముందే దాని శక్తి తరుగును గాన, ఆ తరుగుదలను ప్రతి జిల్లా ఆసుపత్రియందును కొలువగలిగిన నాడు హృద్రోగవైద్యము మరియొక మెట్టెక్కును.

మచ్చను చూపు పద్ధతి మాత్రము నిత్యవ్యవహారములోనికి వచ్చినది. గాడోలినియం అను లోహమునందు జతగూడని యెలక్ట్రానులు ఏడు కలవు; వాని బలిమిచే అది సమీపమందలి నీటి టీ-1 కాలమును కురుచచేయును. కేవలము విషమగు ఈ లోహమును విడువని అణుబంధమున బిగించి, రక్తనాళము ద్వారా ఎక్కింతురు. ఆ కాంట్రాస్టు మందు కణముల లోపలికి చొరలేదు. వాని నడుమగల సందులలో మాత్రమే సంచరించును. ఆరోగ్యకండరమునందు కణములు దట్టముగా క్రిక్కిరిసియుండుటచే దానికి చోటు తక్కువ. వచ్చిన మందు త్వరగా కడిగివేయబడును. కణములు చచ్చి పొరలు చినిగినచోట, లేదా వాని స్థానమును మచ్చ ఆక్రమించినచోట, సందు విశాలమగుటచే మందు చేరి నిలిచిపోవును. పది పదిహేను నిమిషములు వేచి, మంచికండరపు సంకేతము సరిగా శూన్యమగు క్షణము నెన్నుకొని చిత్రము తీసినచో, బ్రతికినది నల్లగను చచ్చినది తెల్లగను కనిపించును. చికాగో నగరమున రేమండ్ కిమ్, రాబర్ట్ జడ్ మున్నగువారు ఈ పద్ధతిని మొదట కుక్కల గుండెలను కోసి చూచి, ఆ కోతతో చిత్రమును పోల్చి స్థిరపరచిరి. పిదప 2000 సంవత్సరమున వారు ప్రకటించిన పరిశోధనలో, గుండె రక్తనాళములను బాగుచేయుటకు ముందు 50మంది రోగులకు ఈ పరీక్ష చేసి, తరువాత గుండెగోడలో ఏ తునుకలు కోలుకొనెనో లెక్కించిరి. సరిగా కదలకున్నను మచ్చలేని తునుకలు 329 ఉండగా వానిలో 256 కోలుకొన్నవి. గోడ మందములో ముప్పాతికకు మించి తెల్లబడిన తునుకలు 58 ఉండగా కోలుకొన్నది ఒక్కటి. ఒక పరీక్ష చెప్పిన మాటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము వైద్యగ్రంథములలో అరుదుగా కనబడును.

ఐనను దీనిని బట్టి ప్రతి శస్త్రచికిత్సను నిర్ణయించుట తొందరపాటగును. సజీవకండరమును వెదకు వేరొక రెండు పద్ధతులతో జరిగిన స్టిచ్ పరిశోధన 2011లో వెలువడినపుడు, సజీవమని తేలినవారికే బైపాసు శస్త్రచికిత్స ఎక్కువ మేలు చేయునను ఊహ నిలువలేదు. మంచి మందులు గుండెకు బలము నిచ్చు ఈ కాలమున, రక్తనాళమును తెరచుటయే జీవప్రదాయకమను నియమము సడలినది. చిత్రము వైద్యునికి జ్ఞానము నిచ్చును, నిర్ణయభారమును మాత్రము తొలగింపదు.

తెలుపు ఎంత యున్నదో చూచుటతోపాటు ఎచ్చట ఉన్నదో చూచుటయు ముఖ్యము. రక్తనాళము మూసికొన్నపుడు చావు గుండెగోడ లోపలి పొరనుండి ప్రారంభమై వెలుపలికి ప్రాకును గాన గుండెపోటు మచ్చ ఎల్లప్పుడును లోపొరను తాకియుండును. వైరసు వలన కలిగిన వాపు సాధారణముగా వెలిపొరవైపున, కొన్ని జన్యుదోషములు నడిమిపొరలో జాడ విడుచును. గుండెవాపును నిర్ణయించుటకు వైద్యనిపుణులు కెనడాలోని లేక్ లూయిస్ అనుచోట సమావేశమై కూర్చిన లక్షణపట్టిక 2009లో ప్రకటితమై, 2018లో టీ-1, టీ-2 కొలతలతో సవరింపబడెను. అమిలాయిడ్ విషయమున కణముల నడుమ సందు ఆరోగ్యగుండెలో సుమారు నాల్గవ వంతు మాత్రమే యుండవలసినది నూటికి నలుబదికి మించిపోవును. వీనిని ఇంతటితో విడిచి, మన ప్రాంతమునకు మిక్కిలి సన్నిహితమైన రెండు విషయములకు వచ్చెదను.

మొదటిది మన దక్షిణాసియా వాసుల రక్తములోనే పారంపర్యముగా వచ్చుచున్నది. హైదరాబాదునందలి సీసీఎంబీ పరిశోధనాలయపు శాస్త్రజ్ఞుడగు కుమారస్వామి తంగరాజ్ మొదలైనవారు 2009లో ప్రకటించిన పరిశోధనలో, గుండెకండరపు నిర్మాణములో పాల్గొను ఒక మాంసకృత్తుకు సంబంధించిన ఎంవైబీపీసీ-3 జన్యువునుండి 25 అక్షరముల తునుక లోపించియుండుట ఈ ఉపఖండమున నూటికి నలుగురిలో గలదనియు, గుండెకండర రోగములకు అది సంబంధించినదనియు తేలెను. పుస్తకములలో అరుదని చెప్పబడు జన్యుదోషము మనలో నూటికి నలుగురియందు ఉండుట చిన్న మాట కాదు. ఆ వార్త విని చాలమంది భయపడిరి. ఆ భయము అవసరమైనదానికంటె ఎక్కువ. తరువాతి పరిశోధనలలో, ఆ లోపము ఉన్నవారందరును రోగులు కారనియు, దానితోపాటు మరియొక మార్పు జతపడిన కొద్దిమందియందే ప్రమాదము ప్రధానమనియు కనబడినది. జన్యువును చదువుటచే ఎవరికి రోగము రాగలదో కొంత తెలియును. ఎవరికి వచ్చినదో కండరమును చూచినగాని తెలియదు. కుటుంబములో ఒకరు చిన్నవయస్సున అకస్మాత్తుగా మరణించినచో, మిగిలినవారికి మొదట ఈసీజీ, ఎకో చేయవలెను. గోడ మందముగా తోచినను, ఎకో సందేహమిచ్చినను ఎమ్మారై చేయుట యుక్తము. మందమైన గోడలో మచ్చ విస్తారముగా వ్యాపించినవారికి ప్రాణాంతకమైన లయభంగము ఎక్కువ సంభవించునని అనేక పరిశోధనలు చూపినవి.

రెండవది ఇనుము. నా దృష్టిలో ఈ పరీక్ష మానవులకు చేసిన ఉపకారములలో ఇదియే శ్రేష్ఠము. తలసీమియా వ్యాధితో పుట్టిన శిశువుకు నెలకొకమారో, మూడువారములకొకమారో రక్తమెక్కింపక తప్పదు. ఒక్కొక్క రక్తపు సంచిలో 200 నుండి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉండును. మన దేహము దినమునకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి ఇనుమును బయటికి పంపజాలదు. బిడ్డను బ్రతికించు రక్తమే క్రమక్రమముగా కాలేయమునందును, గ్రంథులయందును, కట్టకడకు గుండెయందును ఇనుమును నింపును. గుండెలో ఇనుము నిండుచున్నను గుండె మొదట బలముగనే కొట్టుకొనుచుండును; ఎకోలో ఏ లోపమును కనబడదు; ఒకనాడు కాళ్ళు వాచి, ఆయాసము వచ్చి, అంతటితో కొద్దినెలలలో జీవితము ముగియుచుండెను. ఇనుము నిలువను తెలుపు ఫెరిటిన్ అను రక్తపరీక్ష గుండెలోని ఇనుమును నమ్మకముగా చెప్పజాలదు. కాలేయములో తక్కువగా నుండి గుండెలో ఎక్కువగా ఉన్న బిడ్డలును కలరు.

లండనునందు రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రియందలి డడ్లీ పెన్నెల్ బృందము 2001లో ఈ చిక్కును విప్పెను. ఇనుము తన చుట్టుగల అయస్కాంతక్షేత్రమును చిందరవందర చేయును గాన సంకేతము శీఘ్రముగా క్షీణించును. ఆ క్షీణకాలమును టీ-2 స్టార్ అని కొలిచి, 20 మిల్లీసెకనులకు తక్కువైన యెడల గుండెలో ఇనుము చేరినదనియు, 10కి తక్కువైన యెడల ప్రమాదము ఆసన్నమైనదనియు నిర్ణయించిరి. 2009లో వెలువడిన వారి లెక్కలో, పరీక్ష చేసిన ఏడాదిలోపల గుండె విఫలమైన తలసీమియా రోగులలో నూటికి 98 మందికి ఆ సంఖ్య 10కి లోపలనే యుండెను. సంఖ్య తెలిసిన వెంటనే ఇనుమును లాగివేయు మందులను, అనగా డెఫెరాక్సమైన్, డెఫెరిప్రోన్, డెఫెరాసిరాక్స్ అనువానిని, మోతాదు పెంచి గాని జతపరచి గాని ఇచ్చిన గుండె తిరిగి కోలుకొనగలదు. బ్రిటనునందు తలసీమియా రోగులలో ఇనుము వలన కలుగు మరణములు 2000 తరువాతి కొద్ది యేండ్లలో అంతకుముందుకంటె దాదాపు డెబ్బదిశాతము తగ్గెనని 2008లో ప్రకటితమైనది. అందు మందుల భాగమెంత, చిత్రము భాగమెంత యని తూచుట కష్టము. ఐనను ఎవరికి ఎప్పుడు ఎంత మందీయవలెనో చిత్రము లేక తెలిసియుండెడిది కాదు.

ఇది మాండవికి ఏల సన్నిహితమని మీరడుగవచ్చును. 1952లో లేమాన్, కట్‌బుష్ అనువారు నీలగిరి గిరిజనులలో సికిల్‌సెల్ అను వంశపారంపర్య రక్తదోషపు లక్షణమును కనుగొన్నది మొదలుకొని, గోదావరీ పరివాహమందలి గోండులలోను ప్రధానులలోను అది విస్తారముగా గలదని పరిశోధనలు వెల్లడించుచునే యున్నవి. 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశమందలి షహడోల్‌లో దీని నిర్మూలనమునకు జాతీయకార్యక్రమము ప్రారంభమైనది. ఊరూర రక్తపరీక్షలు జరుగుచున్నవి. రక్తపరీక్షతో పని ముగియదు. సికిల్‌సెల్ రోగి గుండె నెత్తురులేమిచే పెద్దదై, కండరములో సన్ననినార వ్యాపించుట టీ-1 కొలతలలో కనబడుచున్నది. తలసీమియాలో వలె సికిల్‌సెల్‌లో ఇనుము తొందరగా గుండెను చేరదు. కాని ఈ రోగమువలన రాగల పక్షవాతమునకు వెరచి ఏండ్లతరబడి రక్తమెక్కించుకొను పిల్లలకు ఇనుము భయమును క్రమముగా కలుగును. ఈ తాలూకా అడవిపల్లెలలో, కాళ్ళు వాచిన తరువాత ఆసుపత్రికి వచ్చు పిల్లలను చూచినపుడెల్ల, కొన్నేండ్ల ముందు ఈ పరీక్షకు వీరి పేరు ఎవరైన కాగితముపై వ్రాసి పంపియుండిన ఎంత బాగుండెడిదని నాకు బాధ కలుగుచుండును. ఈ పరీక్షను రోగము ముదిరినవారికి మాత్రమే చేయు ఖరీదైన వస్తువుగా భావించుటయే మన వైద్యవ్యవస్థలోని పెద్ద లోపము. ఇది రోగము కనబడకముందు చేయవలసినది.

ఖర్చునకును దూరమునకును జవాబు లేకపోలేదు. ఇనుమును కొలుచుటకు కాంట్రాస్టు మందు అవసరము లేదు, సూది అవసరము లేదు. మూత్రపిండములు చెడినవారికి కొన్ని రకముల గాడోలినియం మందులచే చర్మము రాయివలె బిగియు రోగము కలుగునని 2006లో తెలిసిన తరువాత కలిగిన జాగ్రత్తలును ఇక్కడ అడ్డురావు. 2016లో థాయిలాండునందు బ్రిటిషు, థాయి వైద్యులు కలసి, ఇనుముకొలతకు అవసరమైన చిత్రములను మాత్రమే తీయుచు, ఒక్కొక్క రోగికి ఎనిమిది నిమిషముల ప్రాంతములో పరీక్ష ముగియునట్లు చేసి చూపిరి. దానికి 1.5 టెస్లా యంత్రము చాలును. కావలసినది గుండెకు తగిన సాఫ్ట్‌వేరు, శిక్షణ పొందిన సాంకేతికుడు, చిత్రమును చదువగల వైద్యుడు. ఒకే దినమున పాతికమంది పిల్లలను పిలిపించి వరుసగా పరీక్షించిన ఖర్చు చాలవరకు పంచబడును. హైదరాబాదునందు 1998లో ఏర్పడిన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ వంటి సంస్థలు రక్తమెక్కించుటలోను సలహాలిచ్చుటలోను తోడ్పడుచుండగా, అటువంటి దినములను ఏర్పరచుట అసాధ్యము కాదు.

కావున ఈ ఊర వైద్యము చేయువారిని, ఆశా కార్యకర్తలను, తల్లిదండ్రులను నేను కోరుచున్నది ఇది. క్రమముగా రక్తమెక్కించుకొను ప్రతి బిడ్డ విషయమునను, ఇప్పటివరకు ఎన్ని సంచులు ఎక్కినవో ఒక పుస్తకములో వ్రాసియుంచుడు. తలసీమియా బిడ్డకు ఎనిమిది పదేండ్ల వయస్సు రాగనే, ఎకో బాగున్నదని ఊరుకొనక, టీ-2 స్టార్ పరీక్ష చేయించవలెనని వ్రాతపూర్వకముగా అడుగుడు. ఫలితము 20కి పైన నున్నచో ఏడాది రెండేండ్లకొకమారు, లోపలనున్నచో వైద్యుడు చెప్పిన ప్రకారము ఇంకను తొందరగా మరల చేయింపుడు. శరీరములో లోహపు పరికరము ఏదైన అమర్చియున్నచో ముందుగా చెప్పుడు. ఊపిరి బిగబట్టుటను ఇంటివద్దనే ఆటగా నేర్పి తీసికొనిపొండు. కిన్వట్ స్టేషనులో రైలెక్కినచో ముద్ఖేడ్, నిజామాబాదు మీదుగా హైదరాబాదు చేరవచ్చును. పోవునపుడు ఆ పుస్తకమును, పాత ఎకో, ఎమ్మారై కాగితములను, ఏ మందు ఏ మోతాదులో ఎన్నినెలలుగా వాడుచున్నారో వ్రాసిన చీటిని వెంట తీసికొనిపొండు. చిత్రమును చదువు వైద్యునికి ఆ మూడును లేక, వచ్చిన సంఖ్య నిరుటికంటె మెరుగైనదో తరిగినదో తెలియదు.